జార్ అని ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు

దేవుడి గూట్లో పాత వెండి రూపాయలుంటే 1862 నాటిది ఒకటి, 1877 తర్వాతిది ఒకటి వెతికి పక్కపక్కన పెట్టండి. రెండింటి మీదా అదే మనిషి. మొదటిదాని మీద విక్టోరియా క్వీన్ అని ఉంటుంది, రెండోదాని మీద విక్టోరియా ఎంప్రెస్ అని. లండన్ పార్లమెంటు 1876లో చట్టం చేసి, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి చాటించేసరికి రాణి కాస్తా సామ్రాజ్ఞి అయి కూర్చుంది. ఆ కొత్త బిరుదుకి ఇక్కడ పెట్టిన పేరు కైసర్-ఎ-హింద్. ఆ కైసర్, జర్మన్ల కైజర్, రష్యన్ల జార్, మూడూ రోమ్ సీజర్ పేరు నుంచి వచ్చినవే.

రష్యా బిరుదులు చదవడానికి ఆ రెండు రూపాయలే పాఠం. మనిషి మారకపోయినా బిరుదు మారుతుంది, ఆ మారిన తేదీ తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు పిల్లలు చరిత్ర ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదివి, ఇంటికొచ్చి తెలుగులో అడుగుతారు. రష్యా ఆఖరి ఏలిక రెండో నికొలస్ జారా, చక్రవర్తా? గ్రాండ్ డ్యూక్ అంటే రాజా, రాజుగారి తమ్ముడా? వాళ్లకి చెప్పాల్సిన పెద్దలకి, బడిలో చార్టు కట్టే మాస్టార్లకి, తెలుగులోకి అనువాదం చేసేవాళ్లకి పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు పలుకు

రష్యన్ మాటలో మొదటి హల్లు జ కాదు. అన్నంలో పోసుకునే చారు ఉంది కదా, దాన్ని ఎలా పలుకుతామో అలా పలికి చివరి ఉకారం తీసేయండి. అదే జార్ అసలు పలుకు. చాలు, చాప, చలి అనేటప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక తగులుతుందే, ఆ దంత్య చకారమే రష్యన్లది. పాత వ్యాకరణాలు, నిఘంటువులు దాన్ని ౘ అని రాశాయి. ఆ లెక్కన ౘార్ అని రాస్తే దాదాపు సరి. ఇంగ్లీషువాళ్లు నోరు తిరగక జ చేసుకున్నారు, మనం వాళ్ల వెంట నడిచి జ రాస్తున్నాం. నోట్లో ఉన్న ధ్వనిని పక్కనపెట్టి అరువు ధ్వని తెచ్చుకున్న సందర్భాల్లో ఇదొకటి.

అయినా ఇప్పుడు చార్టులో ౘార్ రాస్తే పిల్లలు బిక్కమొహం వేస్తారు. జార్ అన్నది పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది, అలాగే ఉంచండి. కాకపోతే పొల్లు మాత్రం వదలొద్దు. పాత అనువాదాల్లో కనిపించే "జారు ప్రభుత్వం", "జారు చక్రవర్తి" నవ్వులపాలయ్యే రాతలు. జారు అంటే జారిపోవడం. ఇంకో అడుగు ముందుకేసి "జారుడు", "జారుని కొడుకు" అని విభక్తులు తగిలిస్తే అర్థం మరీ చెడుతుంది. సంస్కృతంలో, తెలుగులో జారుడంటే పరస్త్రీలతో తిరిగేవాడు. ఒడియా చదివిన పిల్లలకి జారజ అన్న తిట్టుమాట కూడా తెలిసే ఉంటుంది, తరగతిలో కిసుక్కుమంటారు. జార్, జార్‌కి, జార్‌తో, బహువచనం జార్లు. ఇంతకు మించి సాగదీయొద్దు.

రెండు గీతలు: 1547, 1721

చార్టు షీటు అడ్డంగా పరిచి అయిదు నిలువు గళ్లు గీయండి. సంవత్సరం, పేరు, తనని తాను ఏమని రాసుకున్నాడు, ఎవరు ఒప్పుకున్నారు, తెలుగులో ఏమనాలి. పన్నెండు అడ్డవరసలు చాలు, అందరినీ ఇరికిస్తే ఎవరూ చదవరు. వరసల మధ్య రెండు చోట్ల మాత్రం లావు గీత గీయాలి, 1547 దగ్గర ఒకటి, 1721 దగ్గర ఒకటి. మొదటి గీతకి పైన ఉన్నవాళ్లు క్న్యాజ్‌లు అంటే రాజులు, మధ్యలో ఉన్నవాళ్లు జార్లు, రెండో గీతకి కింద ఉన్నవాళ్లు ఇంపెరాతర్‌లు అంటే చక్రవర్తులు. మూడో గడిలో తడబాటు రాకుండా కాపాడేవి ఈ రెండు గీతలే.

ఇలా తేదీని బట్టి మాట మారడం గజపతి జిల్లా వాళ్లకి కొత్తేం కాదు. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశా మొదటి ప్రధానమంత్రి. ఆ కాలంలో ప్రాంతీయ ప్రభుత్వ పెద్దని అలాగే పిలిచేవారు, ఇప్పటి లెక్కలో అది ముఖ్యమంత్రి పదవి. తేదీ చెప్పకుండా "మా రాజు ప్రధానమంత్రి" అంటే బయటివాళ్లు నమ్మరు. మూడో ఇవాన్‌ని జార్ అన్నా, మొదటి పీటర్‌ని 1700లోనే చక్రవర్తి అన్నా జరిగే పొరపాటు అదే.

క్న్యాజ్

మొదటి గీతకి పైన ఉన్న మాట ఇది. పాత జర్మానిక్ భాషల్లో రాజుకున్న మాటని స్లావులు అరువు తెచ్చుకుని క్న్యాజ్ చేసుకున్నారు. ఇంగ్లీషు కింగ్, జర్మన్ కోనిగ్ కూడా ఆ కుదురులోవే. పాత వృత్తాంతం ప్రకారం 862లో రూరిక్ వచ్చాడు, 882లో ఒలెగ్ కీవ్‌ని పట్టుకున్నాడు. వీళ్లంతా క్న్యాజ్‌లే. 11వ శతాబ్దంలో హిలారియన్ అనే మతాచార్యుడు కీవ్ ఏలిక వ్లదీమిర్‌ని కగాన్ అని కూడా పొగిడాడు. అది స్టెప్పీ మైదానాల తురుష్క జాతుల బిరుదు, తర్వాత కనుమరుగైంది. చార్టులో దానికి చోటు ఇవ్వకపోయినా నష్టం లేదు.

రాజుల పిల్లలంతా క్న్యాజ్‌లే అవడంతో గుంపు పెరిగింది, పెద్దవాడు తనని వెలీకీ క్న్యాజ్ అనుకున్నాడు. వెలీకీ అంటే మహా, క్న్యాజ్ అంటే రాజు. పదానికి పదం పెడితే మహారాజు, తెలుగులో ఇంత అతికినట్టు కుదిరే బిరుదు ఇంకోటి లేదు. ఇంగ్లీషువాళ్లు గ్రాండ్ డ్యూక్ అని, గ్రాండ్ ప్రిన్స్ అని రెండు రకాలుగా తిప్పారు, మనం ఆ డ్యూక్‌ని మోసుకు తిరగాల్సిన పని లేదు. 1547కి ముందు మాస్కో ఏలికలకి "మహారాజు" అని నిశ్చింతగా రాయండి.

గస్పదీన్, గొసుదార్: ఒక్క మాటకి ఊరు పోయింది

మూడో ఇవాన్ 1462 నుంచి 1505 దాకా ఏలాడు. బిరుదులతో రాజకీయం ఎలా నడపాలో అతనికి బాగా తెలుసు. నొవ్‌గొరొద్ అనే వర్తక నగరానికి అప్పుడు సొంత సభ ఉండేది, సభ పిలవడానికి ఒక గంట ఉండేది. ఆ ఊరివాళ్లు మాస్కో మహారాజుని గస్పదీన్ అని పిలిచేవాళ్లు. మన "అయ్యా" లాంటిదది, మర్యాద ఉంది, దాస్యం లేదు. 1477లో ఆ ఊరి రాయబారులు మాస్కోకి వెళ్లినప్పుడు గొసుదార్ అన్నారు. గొసుదార్ అంటే యజమాని, ఇంటినీ బానిసలనీ ఏలుకునేవాడు. మన ఏజెన్సీ ఊళ్లలో ఒకరిని "అయ్యా" అనడానికీ "మా దొర" అనడానికీ ఎంత దూరమో, ఈ రెండు మాటలకీ అంత దూరం.

ఇవాన్ వెంటనే మనుషుల్ని పంపి, మీరు నన్ను యజమాని అన్నారు కదా, ఎలాంటి ఏలుబడి కావాలో చెప్పండి అని అడిగించాడు. ఊరివాళ్లు మేం అలా అనమని చెప్పలేదన్నారు. మాట తప్పారని దండెత్తాడు. 1478 జనవరికల్లా ఊరు లొంగింది, సభ గంటని విప్పి మాస్కోకి తీసుకుపోయారు. ఇప్పటి రష్యన్‌లో రాజ్యానికి, ప్రభుత్వానికి వాడే గొసుదార్‌స్త్వొ ఈ గొసుదార్ నుంచి వచ్చిందే. గస్పదీన్ మాత్రం "శ్రీ" స్థాయికి దిగిపోయింది. తెలుగులో గొసుదార్‌కి ఏలిక, గస్పదీన్‌కి అయ్యగారు. రెండింటికీ "ప్రభువు" అని ఒకే మాట వాడితే ఈ యుద్ధం ఎందుకొచ్చిందో పిల్లలకి ఎంత చెప్పినా ఎక్కదు.

సమొదేర్జెత్స్: అర్థం తిరగబడ్డ మాట

అనువాదాల్లో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినే మాట ఇది. సమొ అంటే తానే, దేర్జాత్ అంటే పట్టుకోవడం. గ్రీకుల ఆటోక్రాటర్‌ని ముక్కకి ముక్క తెచ్చుకున్నారు. డిక్షనరీ చూసి నిరంకుశుడు అని రాసేస్తే 19వ శతాబ్దానికి సరిపోతుంది, 15వ శతాబ్దానికి సరిపోదు. మూడో ఇవాన్ కాలంలో దానికున్న అర్థం ఎవరికీ కప్పం కట్టనివాడు అని. అప్పటిదాకా మాస్కో రాజులు గోల్డెన్ హోర్డ్ అనే మంగోల్ రాజ్యపు ఖాన్‌కి కప్పం కట్టేవాళ్లు, పట్టాభిషేకానికి అతని అనుమతి పత్రం తెచ్చుకునేవాళ్లు. 1480లో ఉగ్రా నది ఒడ్డున రెండు సైన్యాలూ చాలా రోజులు ఎదురెదురుగా నిలబడి, చివరికి ఖాన్ వెనక్కి తిరిగాక ఆ బంధం తెగింది.

కాకతీయుల చరిత్ర తెలిసినవాళ్లకి ఇది సులువుగా పడుతుంది. చాళుక్యుల కింద ఉన్నన్నాళ్లూ మహామండలేశ్వరులు, అంటే సామంతులు. 1163 హనుమకొండ శాసనంతో రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాడు. అందుకని 1480 ప్రాంతపు సమొదేర్జెత్స్‌కి స్వతంత్ర ప్రభువు అని, 1721 తర్వాతి దానికి నిరంకుశ ప్రభువు అని రెండు మాటలు పెట్టుకోండి. ఒకే మాట, రెండు కాలాలు.

అన్నట్టు, పవిత్ర రోమన్ చక్రవర్తి తరఫున నికొలాస్ పోపెల్ అనే దూత 1489లో మాస్కోకి వచ్చి, మా చక్రవర్తి మీకు రాజు బిరుదు ఇప్పిస్తాడు అన్నాడు. మా పూర్వీకుల నుంచి దేవుడి దయవల్ల ఏలుతున్నాం, ఇంకొకరు నియమించే అవసరం లేదు అన్నది ఇవాన్ జవాబు సారాంశం. ఇంకొకరి చేతి మీదుగా తీసుకుంటే వాళ్లకి లోబడినట్టే అవుతుందని అతనికి తెలుసు. ఆ రాజు బిరుదుకి రష్యన్ మాట కరోల్. షార్లమేన్ చక్రవర్తి అసలు పేరు కార్ల్ కదా, ఆ పేరే స్లావు భాషల్లో రాజుకి మాట అయిపోయింది.

జార్

రోమ్ సీజర్ నుంచి గోతులనే పాత జర్మానిక్ జాతి కైసర్, దాన్నుంచి పాత స్లావు భాషలో చేసర్ లాంటి రూపం, అది అరిగి ౘార్. రష్యన్లు మొదట్లో ఈ మాటని తమ రాజుకి వాడుకోలేదు. ఇద్దరికి వాడారు, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తికి ఒకటి, మంగోల్ ఖాన్‌కి రెండోది. కాన్‌స్టాంటినోపుల్‌ని త్సార్‌గ్రాద్ అన్నారు, జార్ పట్నం అన్నమాట. 1453లో ఆ పట్నం తుర్కుల చేతికి పోయింది. 1480లో ఖాన్ పోయాడు. పైనున్న రెండు కుర్చీలూ ఖాళీ అయ్యాయి. మూడో ఇవాన్ 1472లో ఆఖరి బైజాంటిన్ (అంటే కాన్‌స్టాంటినోపుల్) చక్రవర్తి తమ్ముడి కూతురు సోఫియాని పెళ్లాడాడు, 1497 నాటి అతని ముద్ర మీద రెండు తలల గద్ద కనిపిస్తుంది. కొన్ని ఉత్తరాల్లో జార్ అని కూడా రాసుకున్నాడు. కానీ పట్టాభిషేకం ఆ బిరుదుతో జరగలేదు, కాబట్టి చార్టులో అతను పై గీత పైనే ఉండాలి.

జార్‌గా కిరీటం పెట్టుకున్న మొదటివాడు మనవడు నాలుగో ఇవాన్. 1547 జనవరి 16న మాస్కో క్రెమ్లిన్‌లో మెత్రొపొలితన్ (అక్కడి పెద్ద మతాచార్యుడు) మకారి చేతుల మీదుగా పట్టాభిషేకం జరిగింది, అప్పటికి కుర్రాడికి పదహారేళ్లు. నాలుగో గడిలో 1561 అని వేయండి, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ (అక్కడి క్రైస్తవ పీఠాధిపతి) ఒప్పుకున్న సంవత్సరం అది. 1552లో కజాన్, 1556లో ఆస్త్రాఖాన్ గెలిచాడు. అవి ఖాన్‌ల రాజ్యాలు, ఖాన్‌లని రష్యన్లు జార్లనే పిలిచేవాళ్లు, కాబట్టి కజాన్ జార్, ఆస్త్రాఖాన్ జార్ అన్న బిరుదులు కూడా వచ్చి చేరాయి.

ఇతని పేరు పక్కన గ్రోజ్నీ అని ఉంటుంది. ఇంగ్లీషులో టెరిబుల్, దాన్ని మనవాళ్లు "భయంకర ఇవాన్" అని, ఒకోసారి "దుర్మార్గ ఇవాన్" అని కూడా రాస్తారు. గ్రొజా అంటే ఉరుములు మెరుపుల గాలివాన, గ్రోజ్నీ అంటే చూస్తే గుండె జల్లుమనేవాడు. ఉగ్రనరసింహుడు అంటామే, ఆ ఉగ్ర సరిగ్గా కుదురుతుంది. "ఉగ్ర ఇవాన్" అని రాస్తే పొగడ్తా భయమూ రెండూ నిలుస్తాయి. ఒక్క జాగ్రత్త, పైన చెప్పిన ఉగ్రా నది ఇతని తాత కథలోది. రెండూ ఒకే పేజీలో వస్తే పిల్లలు కలిపేస్తారు.

బిరుదుతో ఆడుకోవడంలోనూ ఇతను ఉగ్రుడే. 1575లో చెంగిజ్ ఖాన్ వంశపువాడైన సిమియోన్ బెక్‌బులాతొవిచ్‌ని సమస్త రూస్ (రష్యా పాత పేరు) మహారాజుగా గద్దె మీద కూర్చోబెట్టి, తాను ఉత్త మాస్కో క్న్యాజ్‌నని అతనికి అర్జీలు రాసుకున్నాడు. ఏడాది తిరక్కుండా మళ్లీ తీసేశాడు.

రెండు గీతల మధ్య ఇంకో చిక్కు 1682లో వస్తుంది. అప్పుడు జార్లు ఇద్దరు, అయిదో ఇవాన్, మొదటి పీటర్, సవతి అన్నదమ్ములు. అధికారం మాత్రం 1689 దాకా అక్క సోఫియా చేతిలో ఉంది. ఆమె బిరుదు త్సరెవ్నా, అంటే జార్ కూతురు. ఏలింది కదా అని రాణి అని రాయకూడదు.

ఇంపెరాతర్

స్వీడన్‌తో ఇరవై ఏళ్ల పైచిలుకు యుద్ధం నిష్టాద్ సంధితో ముగిశాక, 1721 అక్టోబరు 22న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సెనేట్ మొదటి పీటర్‌కి మూడు బిరుదులు కలిపి ఇచ్చింది. దేశపిత, సమస్త రష్యా చక్రవర్తి, మహా పీటర్. మూడూ రోమన్ల వరసే. ఇంపెరాతర్ అంటే మొదట్లో గెలిచిన సేనాపతి, మూడోది బిరుదు కన్నా విశేషణం అనుకోండి.

జార్ అన్నా సీజరే కదా, మళ్లీ ఎందుకు మార్చాడన్న ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది. పుట్టుక ఒకటే అయినా పడమటి రాజులు జార్ అంటే ఏమిటో తేల్చలేదు, కొందరు చక్రవర్తి అన్నారు, కొందరు రాజు కిందే లెక్కేశారు. ఇంపెరాతర్ అనే లాటిన్ మాటకి అలాంటి వాదులాట ఉండదు. అందుకే పీటర్ ముందే సాక్ష్యం తీసి పెట్టుకున్నాడు. 1514లో మాక్సిమిలియన్ చక్రవర్తి పంపిన పత్రంలో మాస్కో ఏలికని కైజర్ అని రాశారు, దాన్ని 1718లో అచ్చేయించాడు. ప్రష్యా, డచ్చివాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. స్వీడన్ 1723లో. పోలండ్ 1764 దాకా బెట్టు చేసింది. నాలుగో గడిలో ఈ మూడూ వేస్తే చాలు.

1721 తర్వాత జార్ అన్న మాట చచ్చిపోలేదు. రైతులు "జార్ నాయన" అనే పిలుచుకున్నారు, కవులు వాడారు, పత్రికలు ఇప్పటికీ వాడతాయి. వాడుకలో తప్పు లేదు. కానీ మూడో గడిలో రాసేటప్పుడు, పరీక్షలో "అధికారిక బిరుదు" అని అడిగినప్పుడు చక్రవర్తి అనే రాయాలి. "జార్ చక్రవర్తి" అని రెండూ కలిపి రాస్తే గేటు గుమ్మం అన్నట్టు ఉంటుంది.

ఆడవాళ్లు ఏలినప్పుడు, అంటే 1725లో మొదటి కేథరీన్, 1730లో అన్నా, 1741లో ఎలిజబెత్, 1762లో రెండో కేథరీన్, "చక్రవర్తిని" అన్న మాటకి దూరంగా ఉండండి. "చక్రవర్తిని దింపేశారు" అంటే దిగింది ఆమెనా ఆయననా తెలియదు, ఆ "ని" విభక్తి కూడా కావచ్చు. సామ్రాజ్ఞి అంటే ఏ గొడవా లేదు.

పొడుగాటి బిరుదుని విప్పడం

రెండో నికొలస్ బిరుదు మూడు కొలతల్లో ఉండేది: పూర్తిది, మధ్యరకం, పొట్టిది. పొట్టిది తెలుగులో ఇలా వస్తుంది: "దైవానుగ్రహం వల్ల మేము, రెండో నికొలస్, సమస్త రష్యా చక్రవర్తి, నిరంకుశ ప్రభువు, పోలండ్ జార్, ఫిన్లాండ్ మహారాజు, ఇత్యాది, ఇత్యాది, ఇత్యాది." చివరి మాట మూడుసార్లు రావడం అచ్చుతప్పు కాదు, అది బిరుదులో భాగమే. సరిదిద్దకండి.

పూర్తిదాన్ని పైనుంచి కిందికి మెట్లుగా చదవాలి. మొదటి మెట్టు చక్రవర్తి. రెండో మెట్టు మీద ఆరు చోట్ల జార్: కజాన్, ఆస్త్రాఖాన్, పోలండ్, సైబీరియా, తవ్రిద (అంటే క్రిమియా), జార్జియా. ఇవి ఒకప్పుడు ఖాన్‌లో రాజులో ఏలిన పూర్తి రాజ్యాలు. ఆ కింద ప్స్కోవ్‌కి గొసుదార్, స్మొలెన్‌స్క్, లిథువేనియా, వొలీనియా, పొదోలియా, ఫిన్లాండ్‌లకి మహారాజు. ఇంకా కింద చిన్న చిన్న చోట్లకి క్న్యాజ్. అట్టడుగున నార్వే వారసుడు, హోల్‌స్టైన్ డ్యూక్ వగైరా. నార్వేని రష్యా ఏనాడూ ఏలలేదు. మూడో పీటర్ జర్మనీలోని హోల్‌స్టైన్ ఇంటి నుంచి వచ్చాడు, ఆ ఇంటి హక్కులు బిరుదులో తగులుకుని ఉండిపోయాయి.

ఏలని నేల బిరుదులో ఎందుకుంటుందని అడిగినవాళ్లకి పూరీ గజపతి బిరుదు చదివి వినిపించండి: వీర శ్రీ గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబర్గేశ్వర. గౌడ అంటే బెంగాల్, కర్ణాట అంటే విజయనగరం వైపు, కలబర్గ అంటే బహమనీల గుల్బర్గా. కపిలేంద్రదేవుడి నాటి దండయాత్రల గుర్తులవి. నేల ఎప్పుడో పోయింది, మాట మాత్రం పేరు ముందు ఉండిపోయింది. పొడుగాటి బిరుదంటే పాత పటం లాంటిది, ప్రతి ఊరి పేరు పక్కనా అది ఎప్పుడు చేరిందో వేసుకుంటే సామ్రాజ్యం ఎటువైపు పెరిగిందో కనిపిస్తుంది. ప్స్కోవ్ 1510, కజాన్ 1552, క్రిమియా 1783, జార్జియా 1801, ఫిన్లాండ్ 1809, పోలండ్ 1815.

ఇంటివాళ్ల బిరుదులు

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడ. రష్యన్‌లో భార్యకీ కూతురికీ వేరువేరు తోకలు. క్న్యాజ్ భార్య క్న్యగీన్యా, పెళ్లికాని కూతురు క్న్యజ్నా. ఇంగ్లీషు రెండింటికీ ప్రిన్సెస్ అనే పెడుతుంది, మహా చేరితే రెండింటికీ గ్రాండ్ డచెస్. ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని రాస్తే, నికొలస్ కూతుళ్లు ఓల్గా, తత్యానా, మరియా, అనస్తసియా ఎవరో డ్యూకుల పెళ్లాలు అనుకునే ప్రమాదం ఉంది. వాళ్లు వెలీకయా క్న్యజ్నాలు, తెలుగులో రాకుమార్తెలు.

జార్ భార్య త్సరీత్సా. జారినా అన్నది పడమటివాళ్లు చేసుకున్న రూపం, రష్యన్‌లో లేదు.

వెలీకీ క్న్యాజ్ దగ్గర మళ్లీ తేదీ చూడాలి. 1547కి ముందు అది ఏలే రాజు. చక్రవర్తుల కాలంలో అది ఏలేవాడి కొడుకులకి, తమ్ముళ్లకి, మనవలకి ఇచ్చే మర్యాద. వంశం పెరిగి భత్యాల బరువు ఎక్కువైతే మూడో అలెగ్జాండర్ 1886లో కోత పెట్టాడు, కొడుకులకీ మగవైపు మనవలకీ మాత్రమే అన్నాడు, మునిమనవలు ఉత్త క్న్యాజ్‌లు. ఈ కాలంలో వీళ్లని మహారాజు అని రాస్తే పెద్ద తప్పు, రాకుమారుడు అనండి. 1917లో నికొలస్ తన తరఫునా కొడుకు తరఫునా గద్దె వదిలి తమ్ముడు మిఖాయిల్‌కి ఇచ్చాడు, అతను మర్నాడే వద్దన్నాడు. అందుకని మిఖాయిల్ రాకుమారుడుగానే మిగిలాడు, "ఆఖరి జార్ రెండో మైకేల్" అన్న రాతలు నమ్మకండి.

త్సరేవిచ్, త్సెసరేవిచ్ అని రెండున్నాయి, ఒక్క అక్షరం తేడా. మొదటిది జార్ కొడుకు ఎవరైనా సరే. రెండోది గద్దెకి వారసుడు, మొదటి పాల్ 1797లో వారసత్వ చట్టం చేసినప్పుడు స్థిరపడింది. ఒడిశా గడజాతుల్లో, అంటే సంస్థానాల్లో, రాజుగారి కొడుకులంతా ఒక ఎత్తు, వారసుడైన టీకాయత్ ఒక ఎత్తు అయినట్టే. పాల్ తన రెండో కొడుకు కాన్‌స్టాంటీన్‌కి కూడా 1799లో ఆ బిరుదు ముద్దుగా ఇచ్చాడు, చట్టం చేసినవాడే దాన్ని వంచాడు. అలెక్సేయ్‌లు ఇద్దరినీ పక్కపక్కన పెడితే తేడా గుర్తుంటుంది. పీటర్ కొడుకు అలెక్సేయ్ 1718లో చెరలో చనిపోయాడు, అతను త్సరేవిచ్. నికొలస్ కొడుకు అలెక్సేయ్‌ని 1918లో కాల్చి చంపారు, అతను త్సెసరేవిచ్. సరిగ్గా రెండువందల ఏళ్ల ఎడం.

తండ్రి పేరు విషయంలో ఒక ఉచ్చు ఉంది. పీటర్ అలెక్సేయెవిచ్ అంటే అలెక్సేయ్ కొడుకు పీటర్, అన్నా ఇవానొవ్నా అంటే ఇవాన్ కూతురు అన్నా. బాగానే ఉంది. కానీ నికొలస్ భార్య అలెగ్జాండ్రా ఫ్యోదొరొవ్నా అని చూసి ఫ్యోదర్ కూతురు అని రాయకండి, ఆమె తండ్రి జర్మనీలో హెస్సె ఏలిక నాలుగో లూయీ. మతం మారి కోడళ్లుగా వచ్చిన జర్మన్ రాకుమార్తెల్లో చాలామందికి, రష్యా రాజవంశం రోమనొవ్‌లు కొలిచే ఫ్యోదొరొవ్‌స్కయా మేరీమాత పటం పేరు మీద ఆ తండ్రిపేరు పెట్టేవాళ్లు.

తేదీలు, నంబర్లు

రష్యా 1918 ఫిబ్రవరి దాకా పాత జూలియన్ క్యాలెండరే వాడింది. ఇప్పటి తేదీ కావాలంటే 18వ శతాబ్దానికి 11 రోజులు, 19వ దానికి 12, 20వ దానికి 13 కలపండి. 1721 అక్టోబరు 22కి 11 కలిపితే నవంబరు 2. నికొలస్ గద్దె దిగిన 1917 మార్చి 2కి 13 కలిపితే మార్చి 15. రెండు పుస్తకాల్లో రెండు తేదీలుంటే ముందు ఈ కూడిక చేసి చూడండి, సాధారణంగా రెండూ రైటే అవుతాయి. 1547కి మాత్రం కలపొద్దు, కొత్త క్యాలెండర్ పుట్టింది 1582లో.

1700కి ముందు సంవత్సరం కూడా వేరు, సృష్టి నుంచి లెక్క, సెప్టెంబరు 1న కొత్త ఏడు. జనవరి నుంచి ఆగస్టు దాకా అయితే 5508 తీసేయాలి, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అయితే 5509. ఉగ్ర ఇవాన్ పట్టాభిషేకం 7055 జనవరి, 5508 పోతే 1547. ఒడియా పంజిలో గజపతి అంక లెక్క, అంటే రాజు ఏలుబడి ఏళ్ల లెక్క, చూసినవాళ్లకి ఇదేమంత కష్టం కాదు. అక్కడ 1 వదిలేయాలి, 6తో ముగిసేవి వదిలేయాలి, 10 తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేయాలి, ఏడు మొదలయ్యేది భాద్రపద శుద్ధ ద్వాదశి సునియా నాడు. దానితో పోలిస్తే రష్యన్లది ఒక్క తీసివేతే.

పేర్ల పక్కన నంబర్లు కూడా తర్వాతివాళ్లు సర్దినవి. 1740లో రెండు నెలల పసివాడిగా గద్దెనెక్కిన ఇవాన్‌ని ఇప్పుడు ఆరో ఇవాన్ అంటాం. అతని కాలపు రూబుల్ మీద మూడో ఇవాన్ అని ఉంటుంది. అప్పటి లెక్క జార్ల నుంచి, అంటే ఉగ్ర ఇవాన్ ఒకటి. తర్వాత చరిత్రకారులు మాస్కో మహారాజుల నుంచి మొదలుపెట్టారు. నాణెం పేరు చెప్పి ఎవరైనా వాదనకి దిగితే, రెండు లెక్కలూ చెప్పండి.

చార్టు గోడకి అతికించే ముందు ఈ మూడు వాక్యాలు పిల్లల చేత దిద్దించండి. "1480లో జార్ మూడో ఇవాన్ ఖాన్‌ని ఎదిరించాడు." జార్ కొట్టేసి మాస్కో మహారాజు అని రాయాలి. "1730లో జారినా అన్నా గద్దెనెక్కింది." సామ్రాజ్ఞి అన్నా ఇవానొవ్నా. "1904లో గ్రాండ్ డ్యూక్ నికొలస్‌కి త్సరేవిచ్ అలెక్సేయ్ పుట్టాడు." ఇందులో తప్పులు రెండు, ఒకటే పట్టుకున్నవాళ్లని మళ్లీ రెండో గీత దగ్గరికి పంపండి.